జంఫీర మెచ్చుకున్న సర్మాలె

మా ఊళ్ళో పెళ్ళయినా చావయినా ముందు కబురు వెళ్ళేది ఫాదరుగారికి కాదు, సాఫ్తాకి. ఫాదరుగారు లేకపోతే పక్క ఊరినుంచి ఇంకొకరు వస్తారు. సాఫ్తా లేకపోతే సర్మాలె ఎవరు చుడతారు?

పుల్లగా ఊరిన క్యాబేజీ ఆకులో పంది కీమా, బియ్యం, ఉల్లిపాయ, సోయికూర కలిపి పెట్టి చుట్టడం మా మొల్దావియాలో పుట్టిన ఆడవాళ్ళందరికీ వచ్చు. నాకూ వచ్చు. నేను చుట్టినవి చూసి మా ఆయన, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి, "ఇవి సర్మాలె అంటావా, చంటిపిల్లల్ని చుట్టిన దుప్పట్లంటావా?" అనేవాడు. సాఫ్తా చుడితే ఒక్కోటీ ఆడదాని బొటనవేలంత ఉంటుంది. ఆకు ఎక్కడా చిరగదు, కుండలో ఎంతసేపు ఉడికినా విడిపోదు. ఆకు చుట్టాక రెండు చివర్లూ బొటనవేలితో లోపలికి నొక్కుతుంది చూడండి, అదీ ఆమె పనితనం. ఆ నొక్కుడుతోనే ఆ వేలు కాస్తా పాడయిపోయింది.

నా పేరు అగ్లాయ. చర్చి దాటగానే కనిపించే కొట్టు నాది. ఉప్పు, కిరసనాయిలు, కొవ్వొత్తులు, రబ్బరు బూట్లు, ఏది కావాలన్నా నా దగ్గరికే రావాలి. ఊరి కబుర్లు మాత్రం వచ్చినవాళ్ళే నాకిచ్చి పోతారు. సాఫ్తా సంగతి నాకు తెలిసింది కూడా కొట్లోనే. వేరేవాళ్ళ నోట వింటే దానికి తోకలు మొలుస్తాయి, అందుకని నేనే చెబుతున్నాను.

సాఫ్తాది సెరెత్ నది అవతల ఊరు. తొదేర్‌ని చేసుకుని మా ఊరికి కోడలిగా వచ్చింది. తొదేర్ మంచివాడే, కాకపోతే మాట్లాడమంటే పన్ను పీకించుకోమన్నట్టు చూస్తాడు. ఆ ఇంట్లో మాటలన్నీ వాళ్ళమ్మ జంఫీరే మాట్లాడేది. ఆవిడ నోరు గురించి ఏం చెప్పమంటారు! మా కుక్క ఎవరికీ బెదరదు, జంఫీర గొంతు వినబడితే మాత్రం బల్ల కిందకి దూరేది.

కొత్త కోడలు మొదటిసారి సర్మాలె చేసి చుట్టాలందరి ముందూ పెట్టింది. జంఫీర పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఒక్కటీ నోట్లో పెట్టుకోకుండా, ఒక్కొక్కదాన్నీ ఫోర్కుతో విప్పడం మొదలుపెట్టింది. "ఈనె చెక్కలేదు. ఇది చూడు, బియ్యం ఎక్కువ. ఇదయితే చివర్లు ఎవరికి వదిలేశావమ్మా, మీ పుట్టింటివాళ్ళకా?" అని అందరికీ చూపించింది. ఇంకో పిల్లయితే ఆ సాయంత్రమే మూట కట్టుకుని నది దాటేసేది. సాఫ్తా దొడ్లోకి పోయి క్యాబేజీ పీపా మీద తల ఆనించి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, "అత్తా, ఈనె ఎలా చెక్కాలో చూపించు" అంది.

జంఫీర చూపించింది. అది మాత్రం ఒప్పుకోవాలి. పీపాలో ఉప్పునీళ్ళు ఎప్పుడు తిరగతోడాలో, కుండ అడుగున పొగబెట్టిన పక్కటెముకలు ఎలా పరచాలో, గరిటె ఎందుకు పెట్టకూడదో, అన్నీ నేర్పింది. మెచ్చుకోవడం ఒక్కటే చేతకాలేదు ఆవిడకి. ఊరంతా సాఫ్తా వంటని నెత్తిన పెట్టుకున్నా, పెళ్ళిళ్ళలో కుండలు అడుగుతో సహా ఖాళీ అయినా, జంఫీర పెదవి విరిచి "పాపం, బాగా ఆకలిమీద ఉన్నట్టున్నారు" అనేది. సాఫ్తా జుట్టులో నెరుపు కనబడేదాకా అదే వరస.

ఆ తర్వాత జంఫీర మంచం పట్టింది. సాఫ్తా ఆవిడకి నీళ్ళు పోసి, పక్క మార్చి, చెంచాతో తినిపించి, మధ్యలో ఊరి వంటలకి పరుగెత్తి, మళ్ళీ వచ్చి తిట్లు తినేది. ఎవరైనా జాలిపడితే, "తిట్టే ఓపిక ఉందంటే బతుకుతుందని అర్థం, తిట్టనీ" అని నవ్వేసేది. అంత ఓర్పు కూడా ఒక రోజు తెగింది.

అవి క్రిస్మస్ ముందు ఉపవాసాలు. మాంసం, పాలు, గుడ్లు ఎవరూ ముట్టరు. పందులు ఇంకా దొడ్లలోనే తిరుగుతున్నాయి, క్రిస్మస్‌కి కాస్త ముందొచ్చే ఇగ్నాత్ పండుగనాడు గాని కొయ్యరు. మంచంలో ఉన్నవాళ్ళకి ఉపవాసం లేదని ఫాదరుగారు చెప్పారు కాబట్టి జంఫీరకి మాత్రం మినహాయింపు. ఆవిడకి ఆ రోజు మాంసంతో సర్మాలె తినాలనిపించింది. సాఫ్తా ముందురోజంతా మిల్లువాళ్ళింట్లో చావు భోజనానికి పుట్టగొడుగులూ బియ్యం పెట్టి ఉపవాసపు సర్మాలె చుట్టి చుట్టి, బొటనవేలికి గుడ్డ కట్టుకుని నా కొట్లోకి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"అక్కా, ఆ డబ్బా ఒకటి ఇలా పారెయ్యి."

"ఏ డబ్బా?"

"అదే, సర్మాలె బొమ్మ వేసుంది చూడు."

నేను నవ్వాను. ఆ డబ్బాలు పట్నంలో చదువుకునే కుర్రాళ్ళు కొనుక్కునేవి. వేడినీళ్ళలో పెట్టి, మూత కోసుకుని తినెయ్యడమే. "నువ్వా? సర్మాలె డబ్బానా? ఎవరికే?"

"మా మహారాణికి. మాంసంతో కావాలంట, ఇవాళే కావాలంట. మాంసం కోసం పట్నం దాకా పోవాలి, చలికి బస్సు వస్తుందో రాదో. పోనీ పోదామనే అనుకున్నా. పొద్దున ఈ వేలు చూసి ఏమందో తెలుసా? 'ఇన్నాళ్ళూ నీ సర్మాలె ఒక్కటే వంకర అనుకున్నా, ఇప్పుడు వేలు కూడా కలిసొచ్చింది' అంది. అక్కా, ఈ వేలు ఎవరింట్లో వంగింది?"

"ముసలావిడ, పోనీలే."

"ఏం పోనీ? పుట్టగొడుగులతో చేసి పెట్టినా తినేదే, ఒక పూట అరిచి. నేను చెయ్యను. డబ్బాదే తిననీ! నా చేతి వంటకీ డబ్బాకీ తేడా తెలుస్తుందేమో చూస్తా."

డబ్బా శాలువా కింద దాచుకుని వెళ్ళిపోయింది. ఎవరి మీదో కసి తీర్చుకుంటున్న నడక అది.

మిగిలింది తర్వాత ఆమే చెప్పింది. డబ్బా కోసి, మట్టికుండలో పోసి, ఒక పొగబెట్టిన ఎముక వేసి, కాసేపు పొయ్యి మీద ఉంచి, పైన పుల్లటి మీగడ వేసి పట్టుకెళ్ళింది. పక్కన మొక్కజొన్న సంకటి. తను ఉపవాసం కాబట్టి ఉప్పు కూడా చూడలేదు. తొదేర్ గడప దగ్గర బూట్లు విప్పుకుంటున్నాడు. జంఫీర ఒకటి తింది. కోడలి మొహంలోకి చూసింది. ఇంకోటి తింది. సాఫ్తా ఇప్పుడు మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుంది అని బిగపట్టుకుని నిలబడింది. ముసలావిడ పళ్ళెం మొత్తం ఖాళీ చేసి, సంకటి ముక్కతో తుడుచుకుని తిని, చెయ్యి చాచి సాఫ్తా గుడ్డకట్టిన వేలు పట్టుకుంది.

"సాఫ్తా, ఇప్పటికి నీ చెయ్యి తిరిగిందే" అంది.

అంతే. ఆ వారం తిరక్కుండానే ప్రాణం విడిచింది. ఈ మధ్యలో సాఫ్తా చెబుదామని నోరు తెరవడం, మూసుకోవడం. ముసలావిడ కూడా ఆ తర్వాత ఒక్క తిట్టు తిట్టలేదు. సాఫ్తాని ఆ నిశ్శబ్దం తిట్లకంటే ఎక్కువ బాధపెట్టింది.

సమాధి దగ్గర తొదేర్ నోరు విప్పాడు. ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలన్నీ ఆ రోజుకే దాచినట్టున్నాడు! "మా అమ్మ ఎవర్నీ మెచ్చుకోలేదు. పోయేముందు నా పెళ్ళాం సర్మాలె తిని, చెయ్యి తిరిగిందే అంది. నా చెవులతో విన్నా" అని అందరి ముందూ ఏడ్చాడు. అక్కడున్న ఆడవాళ్ళందరూ కళ్ళొత్తుకున్నారు. వరసగా వచ్చి సాఫ్తాని కావలించుకున్నారు. "అదృష్టవంతురాలివమ్మా, చివరికయినా ఆవిడ నోట ఆ మాట విన్నావు" అన్నారు. సాఫ్తా చెంపదెబ్బలు తింటున్నట్టు నిలబడింది. దుఃఖం అనుకున్నారంతా.

నేను మాత్రం ఆమె వైపు చూడలేకపోయాను. ఆ డబ్బా నా అలమార్లోంచే దిగింది కదా.

అప్పటినుంచి ఆమె మామూలు మనిషి కాలేదు. ఇగ్నాత్ నాడు పందిని కోశారు, క్రిస్మస్ వచ్చింది, ఇంటినిండా మాంసం. అందరికీ చుట్టి పెట్టింది, తను ఒక్కటి ముట్టలేదు. కొట్టుకి వస్తే ఏం కొనడానికి వచ్చిందో మర్చిపోయేది. ఒకసారి ఉప్పు కోసమని వచ్చి, ఆ డబ్బాలున్న అలమారు వైపు వీపు పెట్టుకుని నిలబడి, "అక్కా, ఫాదరుగారితో చెప్పేశాను" అంది.

"మంచిపని చేశావు. ఏమన్నారు?"

"నవ్వారు."

"నవ్వారా!"

"నవ్వి, ఆకలిగా ఉన్నదానికి అన్నం పెట్టావు, అది పాపమెలా అవుతుంది, అన్నారు. ఆకలికి పెట్టలేదు ఫాదరూ, కసితో పెట్టాను అన్నా. అయితే సాష్టాంగ నమస్కారాలు చెయ్యమన్నారు. చేశా. మోకాళ్ళు వాచాయి గాని ఇక్కడ బరువు దిగలేదు." గుండె మీద పిడికిలితో కొట్టుకుంది. "ఆవిడ కూతురి చేతిది తిన్నట్టు నా చేతిలోది తింది అక్కా. నేను విషం పెట్టినా తినేది. నేను పెట్టింది ఏంటి? ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు యంత్రంలో చుట్టింది. దానికి నా పేరు పెట్టి మెచ్చుకుని పోయింది."

"పోయినావిడకి ఏం తెలుసు, ఊరుకో."

"తెలియకుండా చెయ్యడమే కదా నా తప్పు!"

ఉప్పు పొట్లం కట్టి చేతిలో పెట్టాను. అది పట్టుకుని, నేను పిలుస్తున్నా వినిపించుకోకుండా పోయింది.

ఇక నలభయ్యో దినం దగ్గరపడింది. అప్పటిదాకా పోయినవాళ్ళ ఆత్మ ఇల్లూ వాకిలీ పట్టుకుని తిరుగుతుంది, ఆ రోజుతో పైలోకంలో తన బల్ల దగ్గర కూర్చుంటుంది. వాళ్ళ పేరు మీద మనం ఇక్కడ ఏది దానం పెడితే అక్కడ వాళ్ళ బల్ల మీదికి అదే వస్తుంది. అందుకే చివరి రోజుల్లో ఏది ఇష్టంగా తిన్నారో గుర్తుపెట్టుకుని అదే పెడతారు. మా మామగారికి రేగు సారా పెట్టకుండా వట్టి టీ పెట్టిందని మా అత్తని ఊరంతా ఇప్పటికీ దెప్పుతుంది. మొదటి పళ్ళెం ముఖ్యం. కొత్త గిన్నె, కొత్త చెంచా, తువ్వాలు, వెలిగించిన కొవ్వొత్తి పెట్టి, పోయినవాళ్ళ ఈడు మనిషికి ఇస్తారు. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

తొదేర్ భార్యతో ఒకటే మాట. "అమ్మ మెచ్చుకున్నవే ఉండాలి మొదటి పళ్ళెంలో. అచ్చం అలాగే చెయ్యి."

అచ్చం అలాగే! పాపం ఆ మనిషికి ఏం తెలుసు.

దినానికి ముందురోజు పొద్దున్నే సాఫ్తా వచ్చి గల్లా పక్కన నిలబడింది. కొట్లో ఇంకెవరూ లేరు.

"ఆ డబ్బా ఒకటి ఇవ్వక్కా."

నాకు ఒళ్ళు మండింది. "నీకేమైనా మతి పోయిందా? దినానికి డబ్బా పెడతావా? ఊరు నీ మొహాన ఉమ్మేస్తుంది."

"ఊరికి నా చేతివే. కుండలు నింపేశాను, చుట్టడం కూడా అయిపోయింది. మొదటి పళ్ళెం ఒక్కటే."

"మొదటి పళ్ళెంలోనా? ఒసేయ్, అన్నింటికంటే అదే కదే ముఖ్యం!"

"అందుకే." గల్లా బల్ల అంచు పట్టుకుంది. "నువ్వే చెప్పు. నా చేతివి తిన్నన్నాళ్ళూ ఆవిడ మొహం చిట్లించింది. బతికినంతకాలం ఇష్టంలేని తిండి తింది నా వల్ల. ఒక్కసారి, ఒకే ఒక్కసారి పళ్ళెం తుడుచుకుని తింది. అవేమో డబ్బావి. ఇప్పుడు నా పరువు కోసం మళ్ళీ నావే పెట్టి, అక్కడ కూడా ఎల్లకాలం మొహం చిట్లించుకుంటూ కూర్చోమంటావా? ఒకసారి మోసం చేశాను చాలదా?"

"మరి నీ వంట?"

"నా వంట సంగతి వదిలెయ్. డబ్బా ముందు ఓడిపోయింది." నవ్వబోయింది, రాలేదు. "దానికి ఏడవట్లేదనుకోకు. ఏడుస్తున్నా. కానీ అది నా ఏడుపు, ఆవిడ తిండికి దాంతో పనిలేదు."

ఏం చెబుతాం! డబ్బా తీసిచ్చాను. ఇస్తూ ఇస్తూ నాలుగు తిట్లు కూడా తిట్టాను, ఊరికే ఇవ్వడం నా వల్ల కాదు.

దినం నాడు ఇల్లు నిండిపోయింది. ఫాదరుగారు ప్రార్థన చేసి, గోధుమల ప్రసాదం మీద ద్రాక్షసారా చల్లారు. బయట చలి కొరికేస్తోంది, లోపల సర్మాలె వాసన. సాఫ్తా నల్ల తలగుడ్డ కట్టుకుని పొయ్యిగదిలోంచి మొదటి పళ్ళెం పట్టుకొచ్చింది. తువ్వాలు మీద కొత్త గిన్నె, అందులో మీగడ కింద సర్మాలె, సంకటి ముక్కకి గుచ్చి వెలిగించిన కొవ్వొత్తి. అందుకోవలసింది కసాంద్ర. జంఫీర ఈడుది, వాళ్ళ పక్కింటిది. చిన్నప్పటినుంచి ఇద్దరూ కంచెకి ఇటొకరూ అటొకరూ నిలబడి పోట్లాడుకున్నవాళ్ళే. జంఫీర మంచం పట్టాక మాత్రం కసాంద్ర రోజూ వచ్చి ఆ మంచం పక్కన కూర్చునే పోట్లాడేది.

"జంఫీర ఆత్మకి చేరాలి" అంది సాఫ్తా.

"చేరాలి, దేవుడు అందుకోవాలి" అంది కసాంద్ర. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఒకటి తీసి కొరికింది.

కసాంద్ర దవడలు ఆగిపోయాయి. మళ్ళీ మెల్లిగా నమిలి మింగింది.

"ఇవి నువ్వు చుట్టినవి కావే" అంది.

ఆవిడకి మెల్లిగా మాట్లాడటం తెలీదు. తొదేర్ సారా పోస్తున్నవాడు ఇటు తిరిగాడు. "అదేం మాట పిన్నీ? అమ్మ మెచ్చుకున్నవే అవి. పోయేముందు తిన్నవి."

"అవును" అంది సాఫ్తా. "అవే. డబ్బావి."

నేను ఆమె శాలువా లాగబోయాను, ఆమె నా చెయ్యి విదిలించుకుంది. ఇంక ఆగదని తెలిసిపోయింది. "మీ అమ్మ మాంసంతో కావాలంటే నాకు కోపమొచ్చింది. కసి కొద్దీ డబ్బా కొనుక్కొచ్చి, నా కుండలో పోసి, నావని పెట్టాను. ఆవిడ నమ్మింది. నా చెయ్యి తిరిగిందని నువ్వు ఊరంతా చెప్పుకున్నావే, ఆ చెయ్యి తిప్పింది డబ్బా మూత ఒక్కటే. ఆవిడకి ఇష్టమైనవి అవే కాబట్టి ఇవాళ కూడా అవే పెట్టాను. మీ ఇష్టం. ఉమ్మేస్తే ఉమ్మెయ్యండి."

తొదేర్ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. మిల్లువాళ్ళ కోడలు "అయ్యో దేవుడా" అన్నట్టు నోరు నొక్కుకుంది. ఫాదరుగారు గడ్డం సవరించుకుంటూ కిటికీలోంచి మంచు చూస్తున్నారు.

అప్పుడు కసాంద్ర నవ్వింది. పళ్ళులేని నోటితో, భుజాలు కదిలేలా నవ్వింది. నాకు చిర్రెత్తుకొచ్చింది, "నవ్వుతావేంటి అత్తా, చావింట్లో!" అన్నాను.

"నమ్మింది అంటోందే, దానికి నవ్వొస్తోంది. జంఫీర నమ్మిందా? అది దేవుణ్ణే నమ్మడానికి రెండుసార్లు ఆలోచించేది." కసాంద్ర చెంచా ఊపింది. "పిచ్చిదానా, గోడ అవతల నువ్వు డబ్బా కోస్తుంటే మంచంలో ఉన్నదానికి కర్ర్ కర్ర్ మని వినబడదా? క్యాబేజీ అలా అరుస్తుందా? మర్నాడు నేనొచ్చి కూర్చోగానే చెప్పింది. 'కసాంద్రా, కోడలు నాకు డబ్బా తినిపించింది. నాలుక మీద సబ్బు ముక్క పెట్టినట్టుంది' అంది."

సాఫ్తా ఆ పళ్ళెం వైపు చూసింది. "మరి... తుడుచుకుని తింది."

"అదే అడిగా నేను. తిన్నావెందుకే, మొహాన కొట్టలేకపోయావా, అన్నా. ఏమందో తెలుసా? 'అది వేలు చంకలో పెట్టుకుని నొక్కుకుంటోంది. నేను బాలేదంటే రాత్రంతా కూర్చుని మళ్ళీ చుడుతుంది, దాని సంగతి నాకు తెలుసు' అంది. 'ఒక్క మంచి మాట చెప్పి పోదామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా. దాని వంట తింటే నోరు పెగలదు, మెచ్చుకుంటే చెయ్యి సోమరవుతుందని భయం. డబ్బాకయితే భయం లేదు, చెప్పేశా' అంది. నాచేత ఒట్టు వేయించుకుంది, ఎవరికీ చెప్పొద్దని. ఈ పళ్ళెం నా ఒళ్ళో పెట్టకపోతే చెప్పేదాన్ని కాదు."

తొదేర్ సీసా బల్ల మీద పెట్టి బయటికి పోయాడు. కాసేపటికి దొడ్లో కట్టెలు కొడుతున్న చప్పుడు వినబడింది.

సాఫ్తా మాత్రం కసాంద్ర ముందు మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం పట్టుకుంది. "ఇలా ఇచ్చెయ్ పిన్నీ. మార్చి తెస్తాను. కుండల నిండా ఉన్నాయి, నావి, మంచివి."

"ఇచ్చింది వెనక్కి తీసుకుంటావా? కొవ్వొత్తి వెలిగించి, పేరు చెప్పి ఇచ్చావు. ఈపాటికి దాని బల్ల మీదికి చేరిపోయాయి."

"అంటే అక్కడ ఇవే..."

"ఇవే. నువ్వు పెట్టావు, అది తింటుంది. అలవాటే కదా." పైకి అలా అన్నా, కసాంద్ర కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ సబ్బు ముక్కల్ని ఒకటి కూడా మిగల్చకుండా తింది పాపం, స్నేహితురాలి కోసం.

మర్నాడు కొట్టు తెరిచేసరికి సాఫ్తా గడప మీద కూర్చునుంది. లోపలికొచ్చి ఆ అలమారు వైపు వేలు చూపించింది. డబ్బా కోసి, చెంచా ఇచ్చి, నిన్నటి రొట్టె ముక్క పక్కన పెట్టాను. వేడి చెయ్యనా అంటే వద్దని తల ఊపింది. అప్పటిదాకా ఆమె వాటి రుచి చూడనేలేదు. మొదటిసారి ఉపవాసం. రెండోసారి మనసు రాలేదు.

ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఊరంతటికీ వండిన మనిషి, ఎవరింట్లో ఉప్పు రవ్వ ఎక్కువైనా గడపలోంచే చెప్పే మనిషి. మొహం ముడుచుకుపోయింది. మింగడానికి గొంతు పట్టుకోవలసి వచ్చింది.

"అక్కా" అంది. "ఉప్పు లేదు. పులుపు లేదు. ఆకు నానిన గుడ్డలా ఉంది."

"ఉమ్మేసెయ్యి."

"ఇది తింది మా అత్త. నా మొహంలోకి చూస్తూ తింది. నా కోసం." ఇంకో ముద్ద తీసుకుంది. కళ్ళనుంచి ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. "మోసం చేశాననుకుని ఏడ్చాను ఇన్నాళ్ళూ. ఆవిడ చూసింది అక్కా! అన్నీ చూసింది. నా కసి కూడా చూసే ఉంటుంది. చూసి, నా వేలు పట్టుకుంది."

వద్దంటున్నా వినలేదు. డబ్బా అడుగుదాకా తిని, రొట్టెతో లోపలంతా తుడుచుకుని తింది.

మళ్ళీ దానం పెట్టాల్సింది ఆరో నెల దినానికి, అందాకా ఆగలేదు ఆమె. ప్రతి శనివారం సర్మాలె చుట్టి, కొవ్వొత్తి వెలిగించి, కంచె దాటి కసాంద్రకి పట్టుకెళ్ళి జంఫీర పేరు చెప్పి ఇస్తోంది. వేలు నొప్పి, కాబట్టి తొదేర్ చివర్లు నొక్కుతున్నాడు. ఆ చేతులు గొడ్డలికి పనికొస్తాయి గాని సర్మాలెకి పనికిరావు. చూస్తే నా సర్మాలే నయం. మొన్న నేను అక్కడే ఉన్నాను. కసాంద్ర రెండు తిని, పెదవులు చప్పరించి, ఆలోచించి, "బాగున్నాయే ఇవాళ" అంది.

సాఫ్తా మొహం తెల్లబోయింది. వెంటనే పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని కొరికి చూసింది.

"నిజం చెప్పు పిన్నీ" అంది. "నీకు దణ్ణం పెడతా, బాలేకపోతే తిట్టు."